మూగవోయిన రౌటరునకు మూడు తీగెల కేబులు

ఈ కాలమున కంప్యూటరు అనగా బల్లమీద తెరతో కూర్చున్న యంత్రము మాత్రమే కాదు. ఇంటికి ఇంటర్నెట్టు తెచ్చు రౌటరు, టెలివిజను ప్రక్క నుండు పెట్టె, పెట్రోలు పోయు యంత్రము, క్రొత్త విద్యుత్తు మీటరు, ఇవన్నియు లోపల ఒక చిన్న కంప్యూటరును దాచుకొన్నవే. వీనికి తెర లేదు. అక్షరముల మీటలు లేవు. ఒక్క పని కొఱకు పుట్టి ఆ పనిలోనే ఇమిడిపోయినవి గనుక వీనిని ఎంబెడెడ్ యంత్రములందురు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభోత్సవము జరిగెను. అట్టి పథకములవలనను, ఇతర కంపెనీలవలనను ఈ పెట్టెలు పట్టణములనే గాక మెట్ట గ్రామములను గూడ చేరినవి.

ఇట్టి పెట్టె యొకటి హఠాత్తుగా పని మానినచో ఉదయగిరిలోని వాడు ఏమి చేయగలడు? నెల్లూరు ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరము. ఆత్మకూరు బజారులో సెల్‌ఫోనులు బాగుచేయు నేర్పరులు కలరు గాని, రౌటరును చూపినప్పుడు తఱచుగా వినవచ్చు మాట “ఇది పోయినది, క్రొత్తది కొనుడు” అనియే. బీద కుటుంబమునకు ఆ సొమ్ము చిన్నది కాదు. పాఠశాలకైనను మంజూరు వచ్చి క్రొత్తది కొనుసరికి పరీక్షలు దగ్గఱపడును. అంతవరకు కంప్యూటరు గదిలోని పది యంత్రములును నెట్‌వర్కు లేక కూర్చుండును.

విద్యార్థులారా! పోయినదనిన ప్రతి యంత్రమును పోయినది కాదు. పిడుగుపాటునకు చిప్పు కాలిన యంత్రము నిజముగా పోయినదే. కాని లోపలి ప్రోగ్రామును మార్చుచుండగా కరెంటు పోయి నిలిచిన యంత్రము చావలేదు; మూగవోయినది. దాని అవయవములన్నియు సరిగానే యున్నవి. దాని వ్రాత మాత్రము చెదరినది. ఆ వ్రాతను మరల వ్రాయుటకు కావలసినది మూడు తీగెల కేబులు. ఆ కేబులును కట్టు విధమును, వాడు విధమును ఈ వ్యాసమున తెలుపనెంచితిమి. సారమంతయు నాలుగు మాటలలో ఇమిడియున్నది: కొలువుము, వినుము, నకలు తీయుము, ఆ పిమ్మట వ్రాయుము. ఈ వరుస తప్పినవారే యంత్రమును నిజముగా చంపుదురు.

ఉదాహరణమునకు మన దేశమున అనేక గృహములలో వాడబడిన టీపీ-లింక్ కంపెనీవారి టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్ అను రౌటరు యొక్క 8, 9 రకములను గైకొంటిమి. రకపు సంఖ్య పెట్టె అడుగున చీటిమీద అచ్చువేసియుండును. అదే పేరుతో తరువాత వచ్చిన రకములలో చిప్పులు వేఱు, చిరునామాలు వేఱు. కావున ఇచ్చటి అంకెలను ఇతర యంత్రములకు వాడరాదు. పద్ధతి మాత్రము ఇంచుమించు అన్నిటికి నొక్కటియే.

1. యంత్రములోని వ్రాత

రౌటరును నడపు ప్రోగ్రామునకు ఫర్మువేరు అని పేరు. అది ఫ్లాష్ మెమొరీ అను చిప్పులో వ్రాయబడియుండును. కరెంటు తీసివేసినను ఈ వ్రాత చెఱగదు. జపాను దేశములోని తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా దీనిని కనిపెట్టి 1984లో ప్రకటించెను. అంతకుముందు వాడుకలోనుండిన ఈప్రామ్ చిప్పును చెఱుపవలెనన్న, బోర్డునుండి ఊడదీసి, దాని నెత్తిమీది గాజు కిటికీగుండ అతినీలలోహిత కాంతిని పలు నిమిషములు ప్రసరింపజేయవలసియుండెడిది. మసువోకా చిప్పులో ఒక ఖండమునంతయు ఒక్కసారిగా విద్యుత్తుతోనే చెఱుపవచ్చును. అది కెమేరా ఫ్లాషు వెలుగును తలపించినందున ఆ పేరు వచ్చినదని చెప్పుదురు.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. ఫ్లాషులో క్రొత్త వ్రాత వ్రాయవలెనన్న ముందు పాత వ్రాతను చెఱుపవలెను. బాలుడు పలకను తుడిచి క్రొత్త లెక్క వేసికొనునట్లే ఇదియు. తుడుచుటకును వ్రాయుటకును నడుమ కరెంటు పోయినచో పలక వట్టిదిగా మిగులును. రౌటరులు మూగవోవుటకు ముఖ్య కారణములలో ఇది యొకటి.

మనము గైకొన్న రౌటరులో ఫ్లాషు 4 మెగాబైట్లు, అనగా 4096 కిలోబైట్లు. అది నాలుగు భాగములుగా నున్నది. మొదటి 128 కిలోబైట్లలో బూట్‌లోడరు అను చిన్న ప్రోగ్రాము కలదు. తరువాతి 3840 కిలోబైట్లు ఫర్మువేరు. ఆపై 64 కిలోబైట్లలో మనము పెట్టుకొన్న పేరు, రహస్యపదము మొదలగునవి ఉండును. చివరి 64 కిలోబైట్లలో కర్మాగారమున ఆ ఒక్క యంత్రపు వైఫై రేడియోను శ్రుతి చేసినప్పటి కొలతలు వ్రాయబడియుండును. కూడి చూడుడు: 128, 3840, 64, 64 కలిసి 4096.

2. దిడ్డివాకిలి

కరెంటు తగిలినతోడనే మొట్టమొదట మేల్కొనునది బూట్‌లోడరు. ఈ రౌటరులో అది యూ-బూట్ అను స్వేచ్ఛా ప్రోగ్రాము యొక్క రూపాంతరము. అది మెమొరీని సిద్ధపఱచి, ఫర్మువేరును లేపి, పని దానికప్పగించి తాను తొలగును. ఫర్మువేరు చెడినను బూట్‌లోడరు చెడకున్నచో యంత్రమునకు ప్రాణమున్నట్లే.

ఉదయగిరి దుర్గమును ఎఱుగనివారు మనలో లేరు. దీర్ఘమైన ముట్టడి పిమ్మట 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతినుండి గెలిచిన కోట అది. కోటలకు పెద్ద గవనులతోపాటు లోపలివారి రాకపోకలకై దిడ్డివాకిలి పెట్టుట వాడుక. గవను మూసినను దిడ్డి తెలిసినవాడు లోపల ప్రవేశింపగలడు. రౌటరునకు వైఫైయును, నెట్‌వర్కు కేబులును పెద్ద గవనులు. ఫర్మువేరు చెడగానే అవి మూసికొనును. కాని లోపలి బోర్డుమీద ఒకచోట నాలుగు చిన్న రంధ్రములు వరుసగా నుండును. దిడ్డివాకిలి అదియే. దానికి సీరియల్ కన్సోలు అని పేరు.

సీరియల్ అనగా ఒకదాని వెంట నొకటిగా. అక్షరమును బిట్లుగా విడగొట్టి ఒకే తీగెమీద వరుసగా పంపుట. మన దేశమున 2013 జూలైలో నిలిచిపోయిన టెలిగ్రాము పద్ధతికి ఇది వంశమువాడే. దీని వేగమును తెలుపు బాడ్ అను మాట ఫ్రెంచి తంతి ఇంజనీరు ఎమిల్ బోదో పేరునుండి పుట్టినది. మన రౌటరు 115200 బాడ్ వేగముతో మాటలాడును. అనగా సెకనునకు 115200 బిట్లు. ఒక అక్షరమునకు ఆరంభపు బిట్టు 1, అక్షరపు బిట్లు 8, ముగింపు బిట్టు 1, మొత్తము 10 బిట్లు. కావున సెకనునకు 11520 అక్షరములు నడచును. ఏమియు పలుకని వేళ పలుకు తీగె 3.3 వోల్టులవద్ద నిలిచియుండును. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. కొలత సమయమున దీనితో మనకు పెద్ద పని కలదు.

నాలుగు రంధ్రములలో మొదటిది టీఎక్స్, అనగా యంత్రము పలుకునది. రెండవది ఆర్ఎక్స్, అనగా యంత్రము వినునది. మూడవది గ్రౌండు. నాలుగవది 3.3 వోల్టుల సరఫరా. వీని వరుస బోర్డు బోర్డునకు మాఱును. ఒకడు పలికినది రెండవవాడు వినవలెను గదా. కావున ఇచ్చటి టీఎక్స్ అచ్చటి ఆర్ఎక్స్‌నకును, ఇచ్చటి ఆర్ఎక్స్ అచ్చటి టీఎక్స్‌నకును అడ్డముగా కలుపవలెను. గ్రౌండును గ్రౌండుతో కలుపవలెను. వోల్టేజి అనునది రెండు స్థానముల నడుమ భేదమే గనుక, ఉమ్మడి గ్రౌండు లేనిదే ఒకరి 3.3 వోల్టులు రెండవవారికి అర్థము కావు. నాలుగవ రంధ్రమును వదలిపెట్టవలెను. రౌటరునకు తన అడాప్టరునుండి కరెంటు వచ్చుచుండగా, ఇంకొక వైపునుండి కరెంటు తోయుట రెంటికిని కీడు.

3. కేబులు కట్టుట

కావలసిన సామగ్రి ఇది.

(1) యూఎస్‌బీ నుండి సీరియలునకు మార్చు చిన్న బోర్డు. దీనిపై సీపీ2102, సీహెచ్340, ఎఫ్‌టీ232 అను చిప్పులలో ఏదేని యుండును.
(2) ఒక మూర పొడవుగల జంపర్ వైర్లు మూడు. నల్లనిది గ్రౌండునకు, మిగిలిన రెండు వేఱువేఱు రంగులవి.
(3) 2.54 మిల్లీమీటర్ల ఎడముగల నాలుగు పిన్నుల వరుస.
(4) సోల్డరింగు ఐరను, సీసము, ఫ్లక్సు.
(5) మల్టీమీటరు.

మొదటి మూడును కలిసి కొద్ది వందల రూపాయలకు మించవు. చివరి రెండును సెల్‌ఫోను బాగుచేయు అంగళ్లలో ఉండును. 2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ల్యాబు గల పాఠశాలలలో ఇవన్నియు తఱచుగా సిద్ధముగా నుండును.

చిప్పును కొనునప్పుడు కొంచెము జాగ్రత్త వలయును. స్కాట్లండులోని ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పులకు నకిలీలు ప్రబలగా, 2014లో ఆ కంపెనీ విడుదల చేసిన డ్రైవరు ఆ నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నగా మార్చి వానిని పని చేయకుండ చేసెను. తెలియక కొన్నవారే నష్టపడిరి. కావున చౌక సరకునకు ఎఫ్‌టీడీఐ పేరు చూచి మోసపోరాదు. సీపీ2102 గాని, సీహెచ్340 గాని మన పనికి చాలును.

అడాప్టరు బోర్డునకు మూడు జంపర్ వైర్లను తగిలించి, అవి కదలకుండ మొదట గట్టిగా టేపు చుట్టవలెను. ప్రతి తీగె చివర చిన్న చీటి అంటించి “పలుకు”, “విను”, “గ్రౌండు” అని వ్రాయవలెను. రంగును నమ్మి చీటిని మానిన విద్యార్థి వారము తరువాత ఏ రంగు దేనిదో మఱచును.

కేబులు సిద్ధమైనదా లేదా అనుటకు రౌటరు లేకయే పరీక్ష చేయవచ్చును. అడాప్టరును కంప్యూటరునకు తగిలించి, మినీకామ్ గాని పుటీ గాని తెఱచి, వేగము 115200, బిట్లు 8, ముగింపు బిట్టు 1, పారిటీ లేదు, హార్డువేరు ఫ్లో కంట్రోలు లేదు అని నిర్ణయింపవలెను. పిమ్మట అడాప్టరు యొక్క టీఎక్స్, ఆర్ఎక్స్ తీగెలను ఒకదానితో నొకటి కలిపి అక్షరములు కొట్టవలెను. కొట్టిన అక్షరమే తెరమీద కనబడినచో అడాప్టరు తాను పలికినది తానే వినుచున్నది, కేబులు మంచిది. తీగెలు విడదీయగానే అక్షరములు ఆగవలెను. మినీకామ్, పుటీ రెండును స్వేచ్ఛా సాఫ్టువేరు. ఎవరైనను వెల లేక పొందవచ్చును.

4. కొలుచుట

ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కు పనివారిని చూడుడు. ఉలి పెట్టకముందు కఱ్ఱను త్రిప్పి త్రిప్పి నార ఎటు పోవుచున్నదో చూతురు. చీలిన పిమ్మట చూచి లాభము లేదు. మన పనిలో నార యనగా వోల్టేజి.

పాత కంప్యూటర్ల వెనుక 9 పిన్నుల సీరియల్ పోర్టు ఉండెడిది. అది 1960లో ఏర్పడిన ఆర్ఎస్-232 ప్రమాణమునకు చెందినది. ఆ ప్రమాణములో 1 అనుటకు ఋణ 3 మొదలు ఋణ 15 వోల్టులవఱకును, 0 అనుటకు ధన 3 మొదలు ధన 15 వోల్టులవఱకును వాడుదురు. రౌటరు చిప్పునకు 1 అనగా 3.3 వోల్టులు, 0 అనగా 0 వోల్టు. పాత పోర్టును నేరుగా రౌటరునకు తగిలించినచో భాష తలక్రిందులగుటయే గాక చిప్పు కాలిపోవును. నడుమ మాక్స్3232 వంటి మార్పిడి చిప్పు ఉన్నప్పుడే ఆ పోర్టు పనికివచ్చును.

యూఎస్‌బీ అడాప్టర్లలోను 5 వోల్టులవి, 3.3 వోల్టులవి అని రెండు విధములు కలవు. కొన్నిటిమీద రెంటిలో ఒకటి ఎన్నుకొనుటకు చిన్న జంపరు ఉండును. చీటిమీది మాటను నమ్మక కొలిచి తెలిసికొనవలెను. పలుకని వేళ పలుకు తీగె తన పూర్తి వోల్టేజివద్ద నిలుచునని చెప్పితిమి గదా. కావున అడాప్టరును కంప్యూటరునకు తగిలించి, మల్టీమీటరును 20 వోల్టుల డీసీ స్థానమున నుంచి, నల్లని మొనను గ్రౌండునకును, ఎఱ్ఱని మొనను టీఎక్స్‌నకును తాకింపుడు. 3.3 చూపినచో నిర్భయముగా వాడవచ్చును. 5 చూపినచో నేరుగా కలుపరాదు.

5 వోల్టుల అడాప్టరు మాత్రమే దొరకినచో రెండు నిరోధకములతో దానిని తగ్గింపవచ్చును. అడాప్టరు టీఎక్స్ నుండి 1000 ఓముల నిరోధకమును, దాని చివరనుండి గ్రౌండునకు 2000 ఓముల నిరోధకమును కలిపి, రెంటి సంధినుండి రౌటరు ఆర్ఎక్స్‌నకు తీగె తీయవలెను. ఓము నియమము ప్రకారము కరెంటు 5 ను 3000 చే భాగింపగా సుమారు 1.67 మిల్లీ ఆంపియర్లు. సంధివద్ద వోల్టేజి 5 ను 2 చే గుణించి 3 చే భాగింపగా 3.33 వోల్టులు. తరగతిలో కంఠస్థము చేసిన సూత్రము ఒక యంత్రమును కాపాడుట ఇచ్చట కన్నులార చూడవచ్చును.

తరువాత రౌటరు వైపు కొలత. పెట్టె మూత చుట్టును ప్లాస్టికు కొక్కెములుండును. పాత బ్యాంకు కార్డు అంచుతో మెల్లగా విడదీయవచ్చును. కరెంటు లేనప్పుడు, మీటరును శబ్దము చేయు స్థానమున నుంచి, అడాప్టరు సాకెట్టు యొక్క ఋణ కొనకును నాలుగు రంధ్రములకును నడుమ పరీక్షింపుడు. శబ్దము వచ్చినది గ్రౌండు. పిమ్మట కరెంటు ఇచ్చి మిగిలినవానిని చూడుడు. కదలక 3.3 చూపునది సరఫరా. కరెంటు ఇచ్చిన మొదటి క్షణములలో పైకి క్రిందికి ఊగునది టీఎక్స్, ఏలయన అది అప్పుడు పలుకుచున్నది. మిగిలినది ఆర్ఎక్స్. కనుగొన్నవానిని వెంటనే కాగితముమీద పటము గీసికొనవలెను. తరువాత కరెంటు తీసి పిన్నుల వరుసను సోల్డరు చేయవలెను. కొన్ని బోర్డులలో రంధ్రమునకును చిప్పునకును నడుమ చిన్న నిరోధకమును పెట్టక ఖాళీగా వదలియుందురు. అట్టిచోట ఆ ఖాళీని కలుపనిదే మాట రాదు.

5. వినుట

మొదట రౌటరు టీఎక్స్‌ను, గ్రౌండును మాత్రమే కలిపి కరెంటు ఇచ్చి వినవలెను. మనము పలుకు తీగె ఇంకను కలుపలేదు గనుక దీనివలన అపాయము లేదు. తెరమీద యూ-బూట్ పేరుతో పంక్తులు కదలినచో రోగ నిర్ణయము సగము అయినట్లే: చిప్పు బ్రదికియున్నది, బూట్‌లోడరు బ్రదికియున్నది. కొంతదూరము పోయి తప్పు చెప్పి ఆగినచో, లేక మొదటికి వచ్చి మరల మరల చదువుచున్నచో, చెడినది ఫర్మువేరు. అర్థము లేని గుర్తులు వచ్చినచో వేగము తప్పు, లేక గ్రౌండు సరిగా కలియలేదు. ఏమియు రానిచో తీగెలను మరల చూడుడు. అన్నియు సరియైనను నిశ్శబ్దముగా నున్నచో బూట్‌లోడరే చెడియుండవచ్చును.

ఇప్పుడు మూడవ తీగెను కలిపి, రౌటరు కరెంటు తీసి మరల ఇచ్చి, ఒక సెకనులో తానే బయలుదేఱుదునని తెరమీద పంక్తి కనబడగానే టీ, పీ, ఎల్ అను మూడు ఆంగ్ల చిన్న అక్షరములను త్వరగా కొట్టవలెను. ఆలస్యమైనచో మరల ప్రయత్నింపవలెను. సరిగా పడినచో బూట్‌లోడరు ఆగి మన ఆజ్ఞ కొఱకు వేచియుండును. యంత్రము పలుకునది వినబడుచు మనము కొట్టునది చేరకున్నచో, మొదట హార్డువేరు ఫ్లో కంట్రోలు తీసినారో లేదో చూడుడు. మినీకామ్‌లో అది తనంతట తానే పెట్టబడియుండుటచే అనేకులు గంటలకొలది తీగెలను నిందింతురు.

6. నకలు తీయుట

తొందరపాటుగలవారు విడిచిపెట్టు మెట్టు ఇది. విలువ యెక్కువగలదియు ఇదియే. ఫర్మువేరు మరల దొరకును. కాని చివరి 64 కిలోబైట్ల శ్రుతి కొలతలు లోకమున ఆ ఒక్క యంత్రమునందే కలవు. అవి చెఱిగినచో ఇంకొక రౌటరు కొలతలు తెచ్చి పెట్టుట అన్న కంటి అద్దములు తమ్ముడు పెట్టుకొన్నట్లుండును. వైఫై దూరము తగ్గును, లేక అసలే పని చేయదు. అట్లే యంత్రమును గుర్తించు మాక్ చిరునామా బూట్‌లోడరు గల మొదటి భాగములో నున్నది. వేఱొక యంత్రపు భాగమును అచ్చుగ్రుద్దినట్లు వ్రాసినచో ఒకే ఊరిలో ఒకే చిరునామాతో రెండు ఇండ్లున్నట్లగును.

బూట్‌లోడరులోని మెమొరీ చూపు ఆజ్ఞ, అడిగిన చిరునామానుండి బైట్లను పదునాఱేసి చొప్పున పంక్తులుగా తెరమీద వ్రాయును. తెరమీదికి వచ్చినదంతయు ఫైలులోనికి పోవునట్లు మినీకామ్‌లో ముందే ఏర్పాటు చేయవలెను. పంక్తికి సుమారు 79 అక్షరములు. 64 కిలోబైట్లకు 4096 పంక్తులు. సెకనునకు 11520 అక్షరముల చొప్పున ఇది సుమారు అర నిమిషపు పని. ఫ్లాషు మొత్తమునకు దీనికి 64 రెట్లు, అనగా సుమారు అర గంట. అర గంట ఓపిక పట్టినవానికి యంత్రము యొక్క జాతకమంతయు చేతిలో నుండును. ఆ ఫైలుపై యంత్రపు వరుస సంఖ్య వ్రాసి రెండుచోట్ల దాచవలెను.

7. వ్రాయుట

ఫర్మువేరు ఫైలును సీరియల్ తీగెమీద పంపక నెట్‌వర్కు కేబులుగుండ టీఎఫ్‌టీపీ పద్ధతిని పంపుదురు. తీగె ఆజ్ఞల కొఱకు, కేబులు బరువు మోయుటకు. ఏ చిరునామా గల కంప్యూటరును వెదకునో రౌటరునే అడిగి, మన కంప్యూటరునకు ఆ చిరునామా పెట్టవలెను.

ఏ ఫర్మువేరు? కంపెనీవారి వెబ్‌సైటునుండి అదే రకపు సంఖ్యకు చెందిన ఫైలును తెచ్చుకొనవచ్చును. లేదా స్వేచ్ఛా ఫర్మువేరు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీని వాడవచ్చును. దీని కథ వినదగినది. లింక్‌సిస్ కంపెనీవారు 2002లో వెలువరించిన డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటరులో లినక్స్ వాడబడినదని 2003లో బయటపడెను. లినక్స్ లైసెన్సు ప్రకారము ఆ ప్రోగ్రాము మూలమును కంపెనీ అందఱికి ఇయ్యవలసివచ్చెను. ఆ మూలమునుండి 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టెను. అయితే 4 మెగాబైట్ల ఫ్లాషు గల యంత్రములకు 19.07 సంచికయే చివరిది. క్రొత్త రక్షణ సవరణలు రావు గనుక అట్టి రౌటరును పాఠశాల లోపలి పనికి, ప్రయోగములకు ఉంచుట మేలు.

కంపెనీ ఫైలు పేరులో బూట్ అను మాట యున్నచో దానిలో బూట్‌లోడరు గూడ చేరియున్నదని అర్థము. దానిని ఉన్నదున్నట్లు వ్రాయరాదు. ఆ మాట లేని ఫైలు 3840 కిలోబైట్లు, అనగా సరిగా 3932160 బైట్లు ఉండును.

పని నాలుగు మెట్లు. మొదటిది, ఫైలును రౌటరు తాత్కాలిక మెమొరీలోనికి తెచ్చుట. వచ్చిన బైట్ల సంఖ్యను యంత్రము చెప్పును. 3932160 కానిచో అచ్చటనే ఆగుడు. ఇంతవఱకు ఫ్లాషులో ఒక్క బిట్టును మాఱలేదు. రెండవది, ఫర్మువేరు భాగమును చెఱుపుట. ఆ భాగము 9ఎఫ్020000 అను చిరునామావద్ద మొదలగును. ఇది పదునాఱు గుర్తుల లెక్కలో వ్రాయబడిన సంఖ్య. మూడవది, తాత్కాలిక మెమొరీ నుండి అదే చిరునామాకు నకలు చేయుట. నాలుగవది, యంత్రమును మరల లేపుట.

రెండవ మెట్టువద్ద చేయి నిలుపుడు. 9ఎఫ్020000 అనుటకు మాఱుగా 9ఎఫ్000000 అని కొట్టినచో చెఱుగునది బూట్‌లోడరు. ఒక్క అంకె మాత్రమే భేదము. కాని దిడ్డివాకిలి సైతము మూసికొనును. అటుపిమ్మట ఫ్లాష్ చిప్పునకు క్లిప్పు తగిలించి, సీహెచ్341ఏ వంటి ప్రోగ్రామరుతో, మనము దాచిన నకలునుండి వ్రాయుట తప్ప మార్గము లేదు. నకలు లేనివానికి ఆ మార్గమును కుంటిదే. కావున మేము తరగతిలో ఒకరు ఆజ్ఞను కొట్టగా, ఇంకొకరు కాగితమునుండి అంకె అంకెగా బిగ్గఱగా చదివి సరిచూచిన తరువాతనే ఎంటరు మీట నొక్కనిత్తుము. కంప్యూటరును, రౌటరును రెంటిని యూపీఎస్ మీద నుంచవలెను. కరెంటు పోయి చెడినదానిని, కరెంటు పోవునట్లుంచి బాగుచేయబూనుట తగదు.

8. చేయరానివి

పెట్టె తెఱవకముందు సులువైన దారి యున్నదేమో చూడవలెను. 9వ రకము రౌటరులో రీసెట్టు మీటను నొక్కిపట్టి కరెంటు ఇచ్చినచో అది 192.168.0.66 అను చిరునామా గల కంప్యూటరునుండి తన ఫర్మువేరును తానే తెచ్చుకొన యత్నించును. ఈ దారి సాగినచో సోల్డరింగు ఐరనుతో పని లేదు.

చందాతోపాటు కంపెనీవారు ఇచ్చి, తిరిగి తీసికొనదగిన పెట్టెలు మన సొత్తు కావు, వానిని తెఱవరాదు. ఇతరుల రౌటరును బాగుచేయునప్పుడు అందు కనబడు రహస్యపదములను చూచియు చూడనట్లుండవలెను. ఈ రౌటరు అడాప్టరు 9 వోల్టులు మాత్రమే యిచ్చును గనుక లోపల అపాయము లేదు. కాని కొన్ని పెట్టెలలోనికి 230 వోల్టుల తీగె నేరుగా పోవును. ప్లగ్గు తీసిన పిమ్మటను వాని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును. వానిని బాలురు ముట్టరాదు. ఉఱుములు మెఱుపులు గల వేళ ఈ పని చేయరాదు. సోల్డరింగు గాలివచ్చుచోట చేసి, ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఆ సీసము కడుపులోనికి పోరాదు.

ఈ పాఠమును చదివి ఊరకుండక, సైన్సు క్లబ్బువారు ఇండ్లలో మూలబడిన పాత రౌటర్లను సేకరించి, మొదట నిజముగా పనికిరాని బోర్డుమీద చేయి సవరించుకొని, తరువాత బాగుపడదగినవానిపై చేయి వేయవలెనని కోరుచున్నాము. నెల్లూరునుండి మనిషి రావలెనని ఎదురుచూడనక్కఱలేని పనులు మన ఉదయగిరి ఆత్మకూరుల బడులలో ఎన్నియో కలవు. వానిలో నిది యొకటి.

అభ్యాసము

1. చెఱుపునప్పుడు యంత్రము 64 కిలోబైట్ల ఖండము చొప్పున చెఱుపును. 3840 కిలోబైట్లలో ఎన్ని ఖండములు కలవు?
2. 1000, 2000 ఓముల నిరోధకముల స్థానములు తాఱుమాఱైనచో సంధివద్ద వోల్టేజి ఎంత? రౌటరు దానిని 1 అని గ్రహించునా?
3. టీఎక్స్‌ను టీఎక్స్‌తో కలిపినచో తెరమీద ఏమి కనబడును? ఏల?
4. గ్రౌండు తీగె వదలినచో మాట ఏల చెదరును?
5. రౌటరు పలుకుట వినబడుచు మన మాట దానికి చేరకుండుటకు మూడు కారణములు వ్రాయుడు.
6. ఒక మిత్రుడు “ఫర్మువేరు ఎట్లును క్రొత్తది వ్రాయుదుము గదా, నకలు ఏల?” అని అడిగెను. అతనికి తగిన సమాధానము పది పంక్తులలో వ్రాయుడు.